జులేఖా సీసా

లింగంపేటలో బీడీలు చుట్టే జులేఖా ఎవరితో మాట్లాడుతున్నా వేళ్లు ఆపేది కాదు. ఒళ్లో చాట, మోకాలి పక్కన ఆరు నెలల బిడ్డ. ఆమెకు కాన్పయిన నెలలోనే ఆస్పత్రి నర్సు వచ్చి సీసాలో ఆమె పాలు పట్టుకుపోయింది. తల్లిపాలల్లో పురుగుమందు ఎంత చేరిందో పది దేశాల్లో కొలుస్తున్నారట. నర్సు మళ్లీ సీసా తెచ్చిన రోజు మాత్రం జులేఖా వేళ్లు ఆగాయి.

"పోయినసారి నా పాలల్ల ఏం తేలింది, నర్సమ్మా?"

"ఒక్కొక్కరిది చెప్పరు జులేఖా. అందరియి కలిపి దేశానికొక లెక్క రాస్తరు."

"తాగుతున్నది దేశమా, నా బిడ్డనా?" సీసా తీసి గడప అవతల పెట్టింది. "గది చెప్పినంకనే గిది నింపుత."

బిడ్డ ఆకలికి ఏడ్చింది. జులేఖా పళ్లు బిగించి, నర్సు కళ్లల్లోకి సూటిగా చూస్తూనే, రొమ్ము అందించింది.