పాత ఆయిలు ఎవరిది

నా కోపం సంగతి ముందే చెప్పేస్తే మంచిది. అది అరగంట కంటే ఎక్కువ ఉండదు. కానీ ఆ అరగంటలో నేనన్న మాటలు మాత్రం నెలల తరబడి ఊళ్లో తిరుగుతుంటాయి. అలాంటి ఒక అరగంట వల్లే నా మోటారుసైకిలును చేజేతులా పోగొట్టుకోబోయాను.

మాది మైదుకూరు దగ్గర మగ్గాల ఊరు. నా భార్య నూలు చీరలు నేస్తుంది. ఒకప్పుడు నేనూ నేసేవాణ్ణే. మోకాళ్లు అరిగిపోయాక మగ్గం గుంతలోకి కాళ్లు దించి కూర్చోవడం నా వల్ల కాలేదు. అప్పటి నుంచి చీరల మూట బండి వెనక కట్టుకుని బద్వేలు అంగళ్లకు వేసి రావడమే నా పని. ఆ బండి పాతదే. సీటు మీద మూడో కవరు నడుస్తోంది. అది లేకపోతే మాత్రం చీరలన్నీ మా ఊరి సావుకారు చేతిలో పెట్టాల్సిందే. ఆయన చెప్పిందే ధర, పైగా ఈ రంగు అమ్ముడుపోదు, ఈ అంచు బాగాలేదు అని వంకలు. ఆయన గడప తొక్కకుండా బతుకుతున్నామంటే అది బండి పుణ్యమే.

బండికి ఆయిలు మార్చేది రోడ్డు వారనున్న షెడ్డులో. ఆ మెకానిక్ నాకంటే పదేళ్లు పెద్దవాడు. ఊరంతా ఆయన్ను భాయ్ అనే పిలుస్తుంది. అలాంటి మనిషితో నేను గొడవ పెట్టుకున్నాను. అదీ కొత్త ఆయిలు గురించి కాదు, పాత ఆయిలు గురించి.

ఇంజిన్లో నుంచి దించిన నల్లటి ఆయిలుకు మా వైపు చాలా గిరాకీ. కొయ్యకు పూస్తే చెదలు దగ్గరికి రావు. ఆ ఏడు మా మగ్గం గుంజలకు చెదలు పట్టాయి. ఆయిలు మార్పించడానికి పోయినప్పుడు, పని అయ్యాక, పాతది నాకివ్వమని అడిగాను.

"అయ్యో, ముందే చెప్పకపోతివే. ఒక రైతు పొద్దున్నుంచీ కాసుకోని ఉండాడప్పా, ఆయప్ప క్యానులో పోసేస్తిని. ఇంకో తూరి నీకు తీసిపెడతాలే" అన్నాడు భాయ్.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను?

"నా బండి ఆయిలు నాది. దాన్ని ఇంకొకరికి ఇచ్చేదానికి నువ్వెవరు? కొత్త డబ్బాలోది గూడా బండికి ఎంత పోస్తాండావో, ఎంత నొక్కుతాండావో ఎవరికి తెలుసు!" అని నలుగురిలో అరిచాను.

భాయ్ పాత గుడ్డతో చేతులు తుడుచుకుని ఇంకో బండి దగ్గరికి పోయాడు. ఇంటికి చేరేలోపే నాకు కోపం దిగిపోయింది, సిగ్గు మాత్రం మిగిలింది. ఆ సిగ్గుకు రోషం అని పేరు పెట్టుకుని, ఆ షెడ్డు ముఖం చూడకుండా నాలుగు నెలలు గడిపాను.

మళ్లీ ఆయిలు మార్చే సమయం వచ్చింది, దాటిపోయింది కూడా. ఇంజిన్లో ఆయిలు కొలిచే గేజీ పుల్ల తీసి చూస్తే ఆయిలు తారులా ఉంది. అంగట్లో అడిగితే రకరకాల డబ్బాలు చూపించారు. ఒక్కోదాని మీద ఒక్కో అంకె, ఒక్కో ధర. ఖరీదైనది కొనాలంటే ప్రాణం ఒప్పదు, చవకది పోయాలంటే భయం. ఇంతకుముందు ఇవన్నీ భాయ్ చూసుకునేవాడు.

"పోయి ఆ భాయ్‌నే అడగరాదా?" అంది నా భార్య.

"నేను పోను."

"చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుండాది నీ యవ్వారం" అని మళ్లీ మగ్గం మీదికి వంగింది.

సరిగ్గా అప్పుడే మా బావమరిది వచ్చాడు. అతను గండికోటకూ మహానందికీ బాడుగ కారు తోలుతాడు. "నా కారుకు పోయంగా లీటరు మిగిలింది బావా. శానా ఖరీదైన ఆయిలు. నీ బండికి పోసుకో" అని క్యాను నా చేతిలో పెట్టాడు. ఊరికే వస్తే నాకొకటి, మా తమ్ముడికొకటి అనే రకం నేను. అంత పెద్ద కారుకు పనికొచ్చేది నా డొక్కు బండికి పనికిరాదా అనుకున్నాను.

భాయ్ లేకపోతే నా బండి ఆగుతుందా అన్న పౌరుషంతో పాత ఆయిలు నేనే దించబోయాను. ఇంజిను కింద బోల్టు విప్పగానే వేడి ఆయిలు చేతి మీద పడింది. కెవ్వుమని కాలితో బేసిన్ తన్నేశాను. దేనికోసం నలుగురిలో అరిచానో అదంతా మట్టిపాలు. నా భార్య గడప దగ్గర నిలబడి చూసి, మళ్లీ మగ్గం దగ్గరికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

కారు ఆయిలు పోశాక మాత్రం ఇంజిను శబ్దం మెత్తబడింది. వారం రోజులు ఊళ్లోనే తిరిగాను. కనిపించిన వాళ్లందరికీ ఆ శబ్దం వినిపించాను.

ఆ తర్వాత చీరల మూటతో బద్వేలు బయలుదేరాను. మైదుకూరు దాటి కొండ ఎక్కేచోట ఎక్సలేటరు తిప్పితే ఇంజిను గుర్రుమంది, బండి మాత్రం పోలేదు. ఇంకా తిప్పాను. అరుపు పెరిగింది, వేగం తగ్గింది. చివరికి నడిచిపోయే మేకలు నన్ను దాటిపోయాయి. బండి ఆపి, ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డాను. ఇంజిను పోయిందనుకున్నాను. దాన్ని బాగు చేయించే తాహతు మాకు లేదు. సావుకారు గడప కళ్ల ముందు కనబడింది. ఎండలు ముదిరాక కూడా నా భార్య గుంతలో కూర్చుని నేసిన చీరలవి. వాటి మీద చెయ్యి వేసి నిలబడితే నిజంగానే ఏడుపొచ్చింది.

బద్వేలు అంగడి ఆయనకు ఫోను చేసి రేపొస్తానని అబద్ధం చెప్పాను. బండిని వెనక్కు తిప్పితే చదునులో మెల్లగా నడిచింది. మా ఊరు చేరాక ఇంటికి పోలేదు. పోవడానికి ఒక్క షెడ్డే ఉంది.

భాయ్ నన్ను చూసి కుర్చీ జరిపాడు. "దా అప్పా, కూర్చో. ఏమైంది?"

నేను చెప్పేది విని బండి ఎక్కాడు. ముందు బ్రేకు గట్టిగా పట్టి, గేరు వేసి క్లచ్ వదిలాడు. మామూలుగా అయితే ఇంజిను ఆగిపోవాలి. అది ఆగకుండా అరుస్తూనే ఉంది. భాయ్ బండి దిగి గేజీ పుల్ల తీశాడు. ఆయిలును రెండు వేళ్ల మధ్య రుద్ది నా ముఖంలోకి చూశాడు.

"ఇది యాడిదప్పా?"

దాచడానికి ఏముంది? అంతా చెప్పాను. భాయ్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు వినగానే సగం భయం పోయింది. చావు ఇంట్లో ఎవరూ అలా నవ్వరు కదా.

"కారులో క్లచ్ వేరేగా ఉంటాదప్పా, దానికి ఇంజినాయిలు తగలదు. మన బండి క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగుంటాయి. ఈ కారు ఆయిలు మరీ జారుడు. ప్లేట్లు పట్టుకోకుండా జారుతాండాయి. ఇంజినుకేం కాలేదు."

"ఏం కాలేదా భాయ్?"

"ఏం కాలేదంటాండా కదా! ప్లేట్లు మాడింటే కంపు కొట్టేది. కొట్టలేదు. నువ్వు టయానికి ఆపినావు."

పోయిన ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలియదు.

భాయ్ కారు ఆయిలు దించేశాడు. లోపల మిగిలిన జారుడు పోవడానికి మామూలు ఆయిలు కొంచెం పోసి, ఇంజిను తిప్పి, దాన్నీ దించాడు. తర్వాత అరలోంచి అన్నిటికంటే చవకైన వాటిలో ఒక డబ్బా తీశాడు. మూత నా ముందే విప్పాడు, చివరి బొట్టు దాకా నా ముందే పోశాడు, ఖాళీ డబ్బా నా ఒళ్లో పెట్టాడు. నేనా రోజు అన్న మాటకు జవాబు అదేనని నాకు అర్థమైంది. తల ఎత్తలేకపోయాను.

"నీ బండికి ఖరీదుది దండగప్పా. డబ్బా మీద మోటారుసైకిలుకని రాసుండాల, బండి పుస్తకంలో ఉండే అంకె ఉండాల, అంతే. చవకదే పోసుకో, కానీ టయానికి మార్చు. మంచిదని ఏడాది దాకా పెట్టుకునేదానికంటే అదే మేలు" అన్నాడు.

మళ్లీ బ్రేకు పట్టి క్లచ్ వదిలాడు. ఇంజిను టక్కున ఆగిపోయింది. బండి ఆగిపోతే నేనంత సంతోషపడింది ఆ ఒక్కసారే.

బయలుదేరబోతుంటే భాయ్ ఆగమని, బల్ల కింద నుంచి దుమ్ము పట్టిన ఒక క్యాను లాగాడు. నిండా నల్లటి ఆయిలు.

"గుంజలకు కావాలంటివి కదా. ఆ వారమే తీసి పక్కన పెట్టినా. శానామంది అడిగిరి, ఇయ్యలేదు. నువ్వే రాకపోతివి."

నాలుగు నెలలు. నేను ఆ షెడ్డు ముందు నుంచి తల తిప్పుకుని పోయిన ప్రతిసారీ ఆ క్యాను అక్కడే ఉంది.

"భాయ్, ఆ పొద్దు నేను నోరు జారినా" అన్నాను.

"నోరు జారింది, క్లచ్ జారింది. ఇంక దేన్నీ జారనియ్యాకు. పో, పొద్దు పోతాంది" అన్నాడు.

మరుసటి రోజు అదే మూటతో అదే కొండ ఎక్కాను. నిన్న నిలబడిన చోట ఊపిరి బిగబట్టాను. బండి ఆగలేదు. అవతలి వైపు దిగేటప్పుడు గాలి ముఖానికి కొడుతుంటే ఎవరూ లేరు కదా అని గట్టిగా పాట అందుకున్నాను.

ఆ సాయంత్రం గుంజలకు ఆయిలు పూస్తుంటే నా భార్య మగ్గం ఆపి క్యాను వైపు చూసింది.

"ఎవరి ఆయిలు ఇది?"

"భాయ్‌ది" అన్నాను.