మా అక్క కొలతకు గోల్ఫ్ కర్రలు

మా తోడికోడలు సత్యవతి అక్క ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. మా బావగారు నరసింహమూర్తి గారు అయిదడుగుల నాలుగు. ఈ తేడాకి ముప్ఫై ఏళ్ళుగా శిక్ష పడుతున్నది మాత్రం అక్కకే. పెళ్ళిలో ఫొటో తీసేవాడు మోకాళ్ళు కాస్త వంచమన్నాడట. అత్తగారు ఒక మెట్టు దిగి నిలబడమన్నారట. ఆ తరవాత ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన పక్కకి రాగానే అక్క మెడ ముందుకి వచ్చేది, వీపు గూనయ్యేది. నేనేం తక్కువ తినలేదు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్లో "అక్కా, కాస్త వంగు, ఫొటోలో బాగోదు" అన్నది నేనే. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నడుం నొప్పి ఆవిడకి ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఏలూరులో చూపించని డాక్టరు లేడు, కట్టని బెల్టు లేదు. కోతల రోజుల్లో చేలోకి క్యారేజీలు మోసేది, చెరువు గట్టున మేత బస్తాలు దింపించేది. నొప్పి పుట్టుకతో వచ్చిందనుకుని సర్దుకుపోయేది.

నిరుడు మా పెదపాడు శివారులో జగన్నాథం గారు తన చేపల చెరువొకటి పూడ్చి గడ్డి వేయించారు. మిలటరీలో ఉండగా గోల్ఫ్ నేర్చుకున్న మనిషి. చేపల కోసం వచ్చే కొంగలకి అడ్డంగా చెరువు మీద కట్టే వలనే నిలువుగా కట్టి, దాని మీదికి బంతులు కొట్టేవారు. వాకింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళం నిలబడి చూస్తుంటే "రండమ్మా, మీరూ కొట్టి చూడండి" అన్నారు. మేమంతా నవ్వుకుంటూ తప్పుకున్నాం. అక్క వెళ్ళింది. మూడు బంతులు కదలనే లేదు. నాలుగోది వలకి ఠప్పున తగిలింది. అక్క పకపకా నవ్వింది. అంత గట్టిగా నవ్వగలదని నాకు తెలియదు.

మూడు నెలలు ఆయన కర్రలతోనే నేర్చుకుంది. "నిటారుగా నిలబడండమ్మా, గూని వద్దు" అని ఆయన రోజూ కేకలేసేవారు. ఒకరోజు తిరిగొస్తూ అక్క ఆశ్చర్యంగా చెప్పింది. "పద్మా, అక్కడున్నంతసేపూ నడుం నొప్పి ఉండట్లేదే!"

సొంతంగా ఒక సెట్టు కొనుక్కుంటానని బావగారిని అడిగింది. కాపురానికొచ్చాక తన కోసం అడిగిన మొదటి వస్తువు అదే. జగన్నాథం గారు మణికట్టు నుంచి నేల దాకా టేపు పెట్టి కొలిచి చీటీ రాసిచ్చారు. "కొత్తవాళ్ళకి పూర్తి సెట్టులో ఉండే పద్నాలుగు కర్రలూ అక్కర్లేదమ్మా, ఆరు చాలు. తేలికవే తీసుకోండి. పొడవు మాత్రం మామూలు లేడీస్ సెట్టు కంటే ఒకటిన్నర అంగుళాలు ఎక్కువుండాలి. పొట్టివి కొన్నారంటే మళ్ళీ వంగిపోతారు."

జగన్నాథం గారు ముందే ఫోన్లో చెప్పడంతో ఏలూరులో స్పోర్ట్స్ షాపు పాపారావు గారు రెండు సెట్లు తెప్పించి ఉంచారు. ఒకటి గులాబీ రంగు సంచిలో లేడీస్ సెట్టు. ఇంకోటి జగన్నాథం గారు చెప్పిన పొడుగుది. అక్కా, బావగారూ, నేనూ వెళ్ళాం. ఆయన అక్క వంక చూస్తే ఒట్టు. మాటలన్నీ బావగారితోనే.

"లేడీస్‌కి ఇదే బాగుంటుందండి. చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంటుంది."

"అదే ఇచ్చేయండి" అన్నారు బావగారు.

"ఒక్కసారి పట్టుకుని చూస్తానండి" అంది అక్క.

గులాబీ సంచిలోంచి 7 అని అంకె వేసున్న కర్ర తీసి చేతికిచ్చారు. బావగారు ఆవిడ భుజానికి ఆనుకునే నిలబడి ఉన్నారు. ఇంకేముంది, అక్క వంగింది. కర్ర చివర నేలకి చక్కగా ఆనింది.

"చూశారా, కొలిచి చేసినట్టుంది!" అన్నారు పాపారావు గారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంచింది మేము. ఆ వంపుకి కొలత తీసి, సరిపోయిందంటున్నాడీయన! మేమిచ్చిన చీటీ ఆయన బల్ల మీదే ఉంది, మడత కూడా విప్పలేదు.

"అక్కా!" షాపు దద్దరిల్లేలా అరిచాను. "గ్రౌండులో ఎలా నిలబడతావో అలా నిలబడు!"

అక్క ఉలిక్కిపడి నన్ను చూసింది. మెల్లగా భుజాలు వెనక్కి వెళ్ళాయి, మెడ లేచింది. కర్ర చివర నేల మీంచి నాలుగు వేళ్ళ ఎత్తుకి లేచిపోయింది. అక్క గులాబీ కర్ర బల్ల మీద పెట్టేసి పొడుగుది అందుకుంది. అది నేలకి ఆనింది.

బావగారి మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "సత్యవతీ, నలుగురిలో ఇలా నిలబడితే నీ పక్కన నేనెలా కనిపిస్తాను?" అన్నారు.

ఆ మాట ఈయన నోట ఇన్నాళ్ళకి బయటికొచ్చింది. కడిగేద్దామని నోరు తెరిచాను. అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఏవండీ, ఈ నడుం నొప్పి నాకు పుట్టుకతో రాలేదండీ. మీ పక్కన నిలబడ్డం వల్ల వచ్చిందండీ."

అంత కోపంలోనూ 'అండీ' వదల్లేదు మహాతల్లి. ఆ మాట అంటూ ఆయన కళ్ళలోకి చూడటానికి తల దించింది. నడుం మాత్రం వంచలేదు.