పొద్దుటి చేతులు

భీమారావు కట్టిన కట్టు ఊడిందని రాయపూరు రైలు కాలనీలో ఎవరూ చెప్పగా వినలేదు. ఇరవయ్యేళ్ళ వయసులో శ్రీకాకుళం నుంచి వచ్చి, కాలనీ చివరి చిన్న ధర్మాసుపత్రిలో డ్రస్సరుగా చేరాడు. పుండు కడగడం, మందు రాయడం, కట్టు కట్టడం ఆయన పని. చేతిలో నేర్పు, నోట్లో దురుసు. అబద్ధమంటే ఒళ్ళు మండేది. అంత నిఖార్సైన మనిషి కాబట్టే ఆయన చేసిన తప్పును ఎవరూ తప్పనుకోలేదు. అసలు గొడవంతా అదే.

ఆ ఆసుపత్రిలోనే దాలమ్మ ఆయా. ఆవిడదీ శ్రీకాకుళం వైపే. మొగుడు పోయాడు, నా అన్నవాళ్ళు లేరు. ఉండటానికి ఆసుపత్రి వెనక గది, తినడానికి రెండు పూటలా తిండి, అన్నీ ఆ ఉద్యోగం మీదే. యుద్ధం ముగిసిన ఏడు, వానలు తగ్గుముఖం పట్టాక ఊరంతా జ్వరాలు. మంచాలు చాలక రోగుల్ని వరండాలో పడుకోబెట్టారు. వాళ్ళకు చాకిరీ చేస్తూ చేస్తూ దాలమ్మా మంచం పట్టింది. జ్వరం వారంలో దిగింది గానీ కీళ్ళ నొప్పులు దిగలేదు.

డాక్టరుగారు ఎనిమిదింటికి వచ్చేలోపు దుప్పట్లు ఉడకబెట్టి, పిండి, ఆరేయాలి. దాలమ్మ నీళ్ళోడుతున్న దుప్పట్లను అలాగే తీగ మీద పడేసేది. అడిగితే, వేళ్ళు ముడుచుకోవడం లేదంది. మొదట్లో భీమారావు నమ్మాడు. నమ్మడమేమిటి, రెండు వారాలు తనే పిండి పెట్టాడు కూడా! ఒకనాడు మధ్యాహ్నం మూడింటికి అటువైపు వెళ్తే, దాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉతికిన కట్టుగుడ్డల్ని బిగుతుగా చుట్టేస్తోంది. వేళ్ళు చకచకా ఆడుతున్నాయి. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లారి దుప్పటికి రాని వేళ్ళు మూడింటికి ఎక్కణ్నుంచి వచ్చాయట? ఇన్నాళ్ళూ తనను వెర్రివాణ్ని చేసిందనుకున్నాడు.

మర్నాడు సరిగ్గా మూడింటికి డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చి చూపించాడు. డాక్టరుగారు ఆ వేళ్ళ వంక ఒక్క నిమిషం చూసి వెళ్ళిపోయాడు. నెలాఖరుకల్లా గది ఖాళీ చేయమని దాలమ్మకు కబురొచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ భీమారావు దగ్గరికొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు.

"బాబూ, ఈ కీళ్ళ దరద్ పొద్దుట పూటే పట్టేస్తాది. ఎండెక్కితే ఇడిసిపెట్టేస్తాది. నానేటి సెయ్యను? నాను సెప్తే ఇనరు, డాగ్దరుబాబుని మీరే ఒక్కపాలి పొద్దుట తీసుకురండి. అప్పుడు సూసి పొమ్మంటే ఎలిపోతాను."

సరేనన్నాడు. తీసుకురాలేదు. కక్షతో కాదు, ఆ మాటను లెక్కే చేయలేదు. పీకల మీదికి వచ్చినప్పుడు మనిషి అడిగిన ఒకే ఒక్క కోరిక ఇంటికి వెళ్ళేలోపే మరిచిపోయాడు. దాలమ్మ మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటేడు అదే జ్వరం ఆయనకు వచ్చింది. తగ్గాక పనికి బయల్దేరబోతే, చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు రాలేదు. భార్య పార్వతమ్మ పెట్టింది. పొద్దుటంతా కత్తెర పట్టలేక ఏవో సాకులు చెప్పాడు. మూడింటికి ఎవరిదో మోకాలికి కట్టు కడుతూ, వేళ్ళు మామూలుగా ఆడుతున్నాయని గమనించాడు. చేస్తున్న పని ఆపి తన చేతుల్ని తనే చూసుకున్నాడు.

అప్పుడైనా నోరు విప్పాడా? విప్పలేదు. విప్పితే తనకూ దాలమ్మ గతే పడుతుందని భయం. కట్లు పదకొండు దాటాక కడితేనే పుండు త్వరగా మానుతుందని కొత్త పద్ధతి పెట్టాడు. అనుభవం ఉన్నవాడి మాట కదా, అందరూ తలూపారు. రెండేళ్ళకు, దాలమ్మ స్థానంలో వచ్చిన ఆయా మానేసినప్పుడు డాక్టరుగారే పిలిచి అడిగాడు, ఆ దాలమ్మ నిజంగానే నాటకమాడిందా అని. ఉన్నమాట చెబితే ఆవిడ గది ఆవిడకు దక్కేది. భీమారావు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఏమోనండి అన్నాడు. మొదటిది తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది. ఆ తర్వాత ఆయనకు తిన్నది ఒంటపట్టలేదు.

ఉద్యోగం విరమించిన వారానికి ఆవిడ కోసం వాకబు చేశాడు. ఊరికి అటుపక్క పండరీ పేటలో ఒక బియ్యం మిల్లులో నూకలు చెరుగుతోందని తెలిసింది. తెల్లారే వెళ్దామనుకున్నాడు గానీ మోకాళ్ళు కదలనిస్తేగా! నడిచి నడిచి చేరేసరికి మూడయింది.

దాలమ్మ జుట్టు ముగ్గుబుట్టయిపోయింది. చూస్తూనే ఆనవాలు పట్టి, కూర్చోమని గోనెసంచి పరిచింది. ఆయన కూర్చున్నాడు.

"నాకూ వచ్చింది దాలమ్మా. ఎనిమిదేళ్ళయింది. డాక్టరుగారు అడిగినా నీ గురించి నిజం చెప్పలేదు," అన్నాడు.

అని, చేతులు చాచాడు. వేళ్ళు తిన్నగా ఉన్నాయి. వాపు లేదు, వంకర లేదు. ముడిచాడు, ముడుచుకున్నాయి. పొద్దుట చూస్తే తెలిసేదని చెప్పబోయి, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయాడు.

దాలమ్మ ఆ చేతుల వంక చూడనైనా లేదు.

"సూపించక్కర్నేదు బాబూ. నాను నమ్ముతాను," అని మళ్ళీ చేట అందుకుంది.

చాచిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక భీమారావు అలాగే కూర్చుండిపోయాడు.