బతికున్న మనిషి చావుకు డబ్బింగు

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో నేను సినిమాలకు, సీరియళ్లకు డబ్బింగ్ చెప్పేదాన్ని. మా నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. తాతల నాటి మగ్గం పోచంపల్లి పక్క ఊళ్లోనే ఉండిపోయింది, మేం సరూర్‌నగర్‌లో కిరాయి ఇంట్లో పెరిగాం. ఇంట్లో "ఎట్ల" అనేదాన్ని, మైకు ముందు "ఎలా" అనేదాన్ని. పనిమనిషి పాత్రకో, విలన్ వెనక తిరిగే ఆడమనిషికో గొంతివ్వాల్సి వస్తే మాత్రం "ఇప్పుడు మీ ఇంట్లో మాట్లాడినట్టు కానీయమ్మా" అనేవాళ్లు. దానికి నవ్వడం కూడా నేర్చుకున్నాను.

ఒకరోజు ఒక చిన్న సినిమాలో హీరోయిన్‌కు చెప్పమని పిలుపొచ్చింది. స్టూడియో దిల్‌సుఖ్‌నగర్‌లోనే, కోచింగ్ సెంటర్ల హాస్టళ్ల వెనక సందులో ఒక ఇంటి మొదటి అంతస్తు. భక్తి పాటలు, దుకాణాల ప్రకటనలు రికార్డు చేసే గది అది. సినిమా మాత్రం నిజంగా బతికిన ఒకామె కథ. పాతకాలం దేశ్‌ముఖ్‌ల ఇంటి ఆడబిడ్డ. అరవైల్లో క్లబ్బుల్లో, గుర్రప్పందేల్లో ఈమె లేనిదే సందడి ఉండేది కాదట. ఒక చిత్రకారుడు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మ మీద బొమ్మ వేసి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత బొంబాయి వెళ్లిపోయాడు. ఈమె తాగుడుకు, నిద్రమాత్రలకు అలవాటుపడి, చివరికి ఖాళీ బంగళాలో ఒంటరిగా చనిపోతుంది. సినిమా అక్కడితో అయిపోతుంది.

హీరోయిన్ బొంబాయి అమ్మాయి, తెలుగు ముక్క రాదు. దర్శకుడు గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా కొత్తపేటలో ఉంటున్నాయన. మొదటిరోజే ఆయన్ను అడిగాను. "సార్, ఈమెది నల్గొండ వైపు గదా, ఆ యాస వద్దా?"

"హీరోయిన్ ఆ యాసలో మాట్లాడితే జనం నవ్వుతారమ్మా. ఇది ఏడిపించాల్సిన సినిమా" అన్నాడాయన. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

రోడ్డు మీద డప్పుల ఊరేగింపు పోతుంటే గోడలకు అతికించిన స్పాంజిని దాటుకుని చప్పుడు లోపలికొచ్చేది. రికార్డింగ్ ఆపి, అది ఎల్బీ నగర్ వైపు సాగిపోయేదాకా కూర్చునేవాళ్లం. అలా ఆగి ఆగి చివరి రీలుదాకా వచ్చాం. ఆ రీల్లో చిత్రకారుడు వెళ్లిపోతుంటే ఆమె గుమ్మం దగ్గర అతని చేయి పట్టుకుంటుంది. "ఒక్కసారి నన్ను చూడు. నువ్వు చూడకపోతే నేను లేనట్టే." ఆ మాట చెప్పిన రోజు మైకు ముందే ఏడ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మకు ఆ కథంతా చెబుతున్నాను. ఎల్బీ నగర్ నుంచి వచ్చిన మా చిన్నమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. ఇంటిపేరు, ఊరు వినగానే తలెత్తింది.

"సచ్చిందా? ఎవలు జెప్పిన్రే? మా మీది పోర్షన్ల ఉంటది. మొన్న మోటర్ ఖరాబైతే నాతోని కొట్లాడింది."

మేమిద్దరం నమ్మలేదు. "దొరసాని అంటరు ఆమెను. గదే ఊరు, గదే ఇంటిపేరు. బొమ్మల సంగతి నాకెర్క లేదు గని మనిషైతే బతికే ఉంది" అని చిన్నమ్మ గట్టిగా చెప్పింది.

ఆ ఆదివారం వెళ్లాను. రెండు గదుల పోర్షన్. బాల్కనీలో ఉతికిన బట్టలు, టీవీలో ఉద్యమం వార్తలు. డెబ్బై ఏళ్ల సన్నటి మనిషి, మగవాళ్లలా పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, పలచబడిన నూలు చీర. గోడల మీద మందుల షాపు క్యాలెండరు తప్ప ఏమీ లేదు. చిన్నమ్మ ముందే చెప్పినట్టుంది.

"రా బిడ్డా, కూసో. నా సావు గురించి చెప్పనీకొచ్చినవా?"

గుమ్మం బయటే చెప్పులు విడిచి వెళ్లి కూర్చున్నాను. ఆమె పాలు లేని చాయ్ తెచ్చి నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది. "జర సెప్పు. సినిమాల నేను ఎట్ల మాట్లాడ్తున్ననో ఇంటా."

గుమ్మం దగ్గరి మాట చెప్పాను. స్టూడియోలో నన్ను ఏడిపించిన మాట ఆమె ముందు చెబుతుంటే వింతగా, పైపైన తేలినట్టు వినిపించింది. ఆమె టీవీ గొంతు తగ్గించింది.

"గంత మంచి తెలుగు నేనెప్పుడు మాట్లాడిన బిడ్డా? ఆయనతోని మాట్లాడింది సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు." తర్వాత మెల్లగా అంది. "కిటికీ దగ్గర గంటలు గంటలు కూసోబెట్టెటోడు. మెడ నొస్తున్నది అంటే, ఆ నొప్పే నాకు మొఖంల కావాలె, కదలకు అనెటోడు. ఆఖరికి పొమ్మన్నది నేనే. పోయినంక నిద్ర గోలీలు మింగింది కూడ నేనే. రెండూ నిజమే. మీ సినిమాకు ఒక్కటే కావాలె."

"మీరు బతికే ఉన్నరని మా సార్‌కు చెప్పాల్నా?"

"చెప్పు. బుగులు పడ్తడేమో పాపం."

నిజంగానే బెదిరిపోయాడాయన. ఆయన కథంతా ఆ చిత్రకారుడి స్నేహితుల దగ్గర విని రాసుకున్నది. ఆమె పోయిందని వాళ్లలో ఒకరు చెబితే మిగతావాళ్లు తలూపారట. మర్నాడే శాలువా, యాపిల్ పళ్లు పట్టుకుని నాతో వచ్చాడు. ఆమె కాళ్లకు దండం పెట్టి, "అమ్మా, తెలియక జరిగింది. మీరు వద్దంటే ఆపేస్తాను" అన్నాడు. ఆ మాట ఆయన తేలిగ్గా అన్నది కాదు. ఇల్లు తాకట్టు పెట్టి తీస్తున్నాడని అందరికీ తెలుసు.

"ఆపకు. సంపుకో నన్ను. నేను సచ్చిననుకునేటోళ్లే మస్తు మంది ఉన్నరు, వాళ్లను పరేషాన్ చేసుడెందుకు? గని ఒక్కటి. నాతోని బతిమాలిపియ్యకు."

ఆయన సరేనన్నాడు.

కానీ అది తేలిక కాదు. తెర మీద ఆ అమ్మాయి పెదవులు అంతసేపూ కదులుతూనే ఉంటాయి, "పో" అన్న ఒక్క మాట అక్కడ ఇమడదు. ఆయన రెండు రోజులు ఎడిటింగ్‌లో కూర్చుని, ఆమె వీపు కనపడే షాట్ ఒకటి వెతికి అక్కడ వేశాడు. ముఖం కనపడదు కాబట్టి ఏ మాటైనా పెట్టుకోవచ్చు. "నువ్వు వెళ్లు" అని చెప్పాను. మంచి షాట్ పోయిందని ఆయన బాధపడ్డాడు గానీ మాట నిలబెట్టుకున్నాడు.

ఆ తర్వాత గొడవలు ముదిరాయి. బందులు, రాస్తారోకోలు. ఆంధ్రావాళ్లవని కొన్ని సినిమాల ప్రదర్శనలు ఆపేశారు. మా సినిమాకు సగం డబ్బు పెట్టిన ఎల్బీ నగర్ స్థలాల వ్యాపారి ఒకరోజు స్టూడియోకొచ్చి, సినిమా మొత్తం మళ్లీ డబ్బింగ్ చెప్పించమన్నాడు. "ఆమె తెలంగాణ బిడ్డ గదా, తెలంగాణల్నే మాట్లాడాలె" అన్నాడు.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం దాచుకోలేను. హీరోయిన్ గొంతులో మా అమ్మ భాష! "నువ్వు వెళ్లు" కాస్తా "పో ఇగ" అయింది. పెదవులకు కుదరని చోట మాటలు నేనే మార్చి రాసుకున్నాను. అన్నేళ్లలో మొదటిసారి మైకు ముందు నేను ఇంకొకరిలా మాట్లాడటం లేదనిపించింది.

అంతలో కొత్త సీను ఒకటి వచ్చింది. అరవై తొమ్మిది నాటి తెలంగాణ ఉద్యమంలో ఆమె జెండా పట్టుకుని విద్యార్థుల ముందు నడుస్తుంది, పిడికిలెత్తి నినాదం ఇస్తుంది. పెద్ద అంబర్‌పేట్ దగ్గర జనాన్ని పోగుచేసి ఒక్క పూటలో తీసేశారు. నేను ఎల్బీ నగర్ వెళ్లి ఆమెకు మంచి కబురు చెబుతున్నట్టే చెప్పాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నేనా? జెండానా?"

"ఉద్యమంల మీరు లేకుంటిరా?"

"దవాఖానల ఉంటి బిడ్డా. గోలీలు మింగింది గప్పుడే. కడుపు కడిగి పండబెట్టిన్రు. పోలీసోళ్ల కాల్పులల్ల దెబ్బలు తాకినోళ్లను తెచ్చి వరండాల పండబెడుతున్నరు. మంచాలు లెవ్వు. నా తలుపుకు ఎదురుంగ ఒక కాలేజీ పిల్లగాడు చాప మీద ఉండె. మా నాయిన పెద్ద డాక్టర్‌ను పిలిపిచ్చిండు, నా కోసం. ఆయన నా పక్కన్నే కూసున్నడు. నాకేం గాలే, బతికిన. ఆ పిల్లగాడు అమ్మా, అమ్మా అంటుంటే నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న. తెల్లారి సూస్తె చాప ఖాళీ."

కింద చిన్నమ్మ ఎవరితోనో నీళ్ల గురించి గట్టిగా మాట్లాడుతోంది.

"గిది మీ సార్‌కు చెప్పకు. చెప్తె గది కూడ సినిమాల పెడ్తడు" అంది.

చెప్పలేదు. ఆ సీను తీసేయమని మాత్రం అడిగాను. ఆమె అసలు ఊరేగింపులోనే లేదని చెప్పాను. దర్శకుడు తల పట్టుకుని కూర్చున్నాడు.

"నాకు తెలియదా అమ్మా? కానీ పోస్టర్ మీద నా పేరు చూడగానే ఎక్కడివాడినో తెలిసిపోతుంది. ఆ ఒక్క సీను ఉంటే సినిమా ఆడనిస్తారేమోనని ఆశ. మా పిల్లలు ఇక్కడే పుట్టారు. రేపు మమ్మల్ని ఉండనిస్తారో లేదో కూడా తెలియదు."

"గట్లెందుకైతది సార్" అన్నాను. ఆయన నమ్మలేదు. మా వీధిలోనే ఆ మధ్య ఒకరితో ఒకరు మాటలు తగ్గించుకున్న ఇళ్లున్నాయి.

ఆ నినాదం మాత్రం నేను చెప్పనన్నాను. బయట ఊరేగింపుల్లో ఎన్నోసార్లు గొంతు చించుకుని ఇచ్చిన నినాదమే అది. ఆమె నోట పెట్టి చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు. ఇంకో అమ్మాయిని పిలిపించి చెప్పించారు.

రెండు బందుల మధ్య దొరికిన వారంలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాల్లో విడుదలైంది. మ్యాట్నీకి ఆమెను ఆటోలో తీసుకెళ్లాను. హాల్లో సగం కూడా నిండలేదు, ఎక్కువమంది హాస్టల్ పిల్లలు. క్లబ్బులో డాన్సు చూసి ఆమె చిన్నగా నవ్వింది. కిటికీ దగ్గర కూర్చున్న సీన్లలో చూపు తిప్పుకుంది. "పో ఇగ" అన్నప్పుడు ముందు వరుసలో ఈలలు పడ్డాయి. ఎగతాళికి వేసినవి కావు. ఊరేగింపు సీనుకు కుర్రాళ్లు లేచి నిలబడి జై తెలంగాణ అన్నారు. నా పక్కన ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సీను అయిపోయాక కూడా చాలాసేపు తీయలేదు. బంగళాలో చనిపోయే ఘట్టం మాత్రం కళ్లార్పకుండా చూసింది.

బయటికొచ్చాక, "ఆ పొల్ల మస్తు అందంగున్నది. నేను గంత లేకుంటి" అంది. రోడ్డు దాటేటప్పుడు నా మణికట్టు పట్టుకుంది. "జెండా కాడ నీ గొంతు కాదు గదా?"

"కాదు."

ఆటో ఎక్కేదాకా ఆమె నా చేయి వదల్లేదు.

సినిమా వారం తిరగకముందే తీసేశారు. దర్శకుడు సీరియళ్లలోకి వెళ్లిపోయాడు. ఇల్లు అమ్మాల్సి వచ్చింది గానీ ఊరు వదల్లేదు. ఆమె బతికే ఉన్న సంగతి ఎలాగో బయటపడి, సన్మానం చేస్తామని కొందరు యువకులు ఎల్బీ నగర్ వచ్చారు. ఆమె తలుపు తీయకుండా లోపలి నుంచే, "ఆమె సచ్చిపోయింది గద నాయినా, సినిమా సూడలేదా?" అని పంపించేసిందట. ఈ సంగతి చిన్నమ్మ చాలా రోజులు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఆదివారాలు వెళ్లి పేపరు చదివి వినిపించేదాన్ని. చిత్రకారుడి ఊసు మళ్లీ రాలేదు. చాప మీది పిల్లగాడి సంగతి మాత్రం ఒకటి రెండు సార్లు, అడగకుండానే, మధ్యలో ఆపేస్తూ చెప్పింది.

రాష్ట్రం వచ్చిన మరుసటి వానాకాలంలో ఆమె పోయింది. కబురు విని వెళ్లేసరికి ఇంటి ముందు పెద్ద కార్లు ఆగి ఉన్నాయి. అన్నేళ్లలో ఒక్కసారి కూడా నేను చూడని చుట్టాలు మంచం కింద, బీరువా వెనక వెతుకుతున్నారు. వాళ్లలో ఒకామె నా దగ్గరికొచ్చి, "ఇక్కడ పెయింటింగ్స్ ఏమైనా ఉండేవా?" అని అడిగింది.

"నేనైతే ఎప్పుడూ చూడలేదండీ" అన్నాను.

"మీరు ఆమెకు ఏమవుతారు?"

కింది పోర్షన్ ఆమె అక్క బిడ్డనని చెప్పి, చిన్నమ్మతో కలిసి మెట్ల మీది చెప్పులు పక్కకు సర్దాను, శవాన్ని దింపడానికి దారి కావాలి కదా.