నైట్‌గౌనులో చుట్టిన కుండ

ఐసిల్డాకున్న అనుమానం ట్రెలానీ కొండల్లో ఇంటింటికీ పంచినా ఇంకో బస్తా మిగులుతుంది. వాన పడితే ఆ మబ్బును ఎవరు తోలారని అడిగే మనిషి. ఫాల్మత్ సంతలో పెండలం దుంపలు అమ్మేటప్పుడు, ఇచ్చిన నోటును ఎండకు పట్టి ఒకసారి, నీడకు పట్టి ఒకసారి చూసి, తర్వాత ఆ నోటిచ్చిన వాణ్ణి కూడా అలాగే తిప్పి చూసేది. మొగుడు వెస్టన్ పోయినప్పుడు శవపేటిక మూసేముందు, నిజంగానే పోయాడా, తోట పని ఎగ్గొట్టడానికి పడుకున్నాడా అని కాలి బొటనవేలు గిల్లింది. పాస్టరు గారు దగ్గి పైకి చూశాడు. ఆవిడ ఇంకో వేలు కూడా గిల్లి అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది.

అలాంటి మనిషికి చెల్లెలు గ్లెండోరా ఫోన్ చేసింది. గ్లెండోరా కింగ్‌స్టన్‌లో బట్టల కొట్టు పెట్టి బాగా వెనకేసింది. అక్కాచెల్లెళ్లకు ఏళ్ల తరబడి మాటల్లేవు.

"అక్కా, క్రిస్మస్ గాలి మొదలైందిగా. కొడుకూ కోడలూ మనవరాలూ అందరం మీ కొండ కింద సముద్రం ఒడ్డు హోటల్‌కి వస్తున్నాం. నీకూ ఓ గది తీశాం. తిండి, తాగుడు, మంచం, గొడుగు అన్నీ అందులోనే. నువ్వు చిల్లిగవ్వ తియ్యక్కర్లేదు."

"ఎందుకు?" అంది ఐసిల్డా.

"ఎందుకేమిటక్కా? ఊరికే."

ఆ ఊరికే అన్నమాట ఐసిల్డా గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా, అదీ మాటల్లేని చెల్లెలు పిలిచి మరీ పెడుతోందంటే దానికి ఏదో కావాలి. ఏం కావాలో కొండ మీద పసిపిల్లనడిగినా చెబుతుంది. వాళ్లమ్మ డచ్చీ కుండ.

ఆ కుండ మందపాటి పోత సత్తు. మూడు కాళ్లు, రెండు చెవులు, ఏనుగు తొక్కినా సొట్ట పడని మూత. వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ అందులోనే వండింది. పోయేముందు ఇద్దరి చేతులూ పట్టుకుని, "కుండ ఇద్దరిదీనే" అని కన్నుమూసింది. ఒక్క కుండ ఇద్దరిది ఎలా అవుతుందో చెప్పి పోతే బావుండేది. ఆవిడ పోయిన తొమ్మిదో రాత్రి, ఊరంతా చేరే జాగారంలో పాటలు పాడాల్సిన అక్కాచెల్లెళ్లు చెరో చెవి పట్టుకుని లాక్కున్నారు. వచ్చినవాళ్లు పాట ఆపి చూశారు. చివరికి ఐసిల్డా కుండను చంకన పెట్టుకుని గదిలోకెళ్లి గడియ వేసుకుంది. ఆ రాత్రితో మాటలు ఆఖరు.

ఇప్పుడు వెళ్లనంటే? గ్లెండోరా నేరుగా ఇంటికే వస్తుంది. వెళితే? ఇల్లు ఖాళీ. పక్కింటి పెర్లీనాకు ఒక గౌను గుడ్డ పడేస్తే కుండేమిటి, ఇంటి కప్పే ఊడదీసి ఇస్తుంది. ఐసిల్డా బాగా ఆలోచించి, కుండ తన కళ్లముందుంటేనే క్షేమమనుకుంది. దాన్ని నైట్‌గౌనులో చుట్టి, ముడి వేసి, సంచిలో పెట్టుకుని, ఎవరికి కనపడకూడదో ఆ చెల్లెలి దగ్గరికే బయల్దేరింది. పక్కన నాలుగు పెండలం దుంపలు, పచ్చరటికాయలు, కాగితంలో ఉప్పు చేప, మసాలా సరుకులు కూడా పెట్టింది. పరాయి చేతి కూడు తినకూడదని వాళ్లమ్మ నేర్పిన పాఠం.

గేటు దగ్గర కాపలావాడు సంచి తట్టి చూశాడు. "ఇదేంటమ్మా?"

"నా దిండు."

మళ్లీ తట్టాడు. ఠంగుమంది. "బాగా గట్టి దిండమ్మా."

"నా మెడ అంతకన్నా గట్టిది. తియ్యి గేటు."

లోపల నవ్వులొలకబోస్తూ ఒక పిల్ల ఆవిడ మణికట్టుకు హోటల్ గుర్తుగా ఆకుపచ్చ పట్టీ బిగించింది. ఐసిల్డా లాగి చూసింది. ఊడలేదు.

"ఇదెప్పుడు తీస్తారు?"

"వెళ్లేరోజు కత్తిరిస్తామండీ."

"మేమూ క్రిస్మస్ మేకకు ఇలాగే తాడు కడతాం. వెళ్లేరోజు కత్తిరించేది మాత్రం తాడు కాదు."

ఆ పిల్ల నవ్వు అక్కడే గడ్డకట్టింది.

గ్లెండోరా ఎదురొచ్చి వాటేసుకుంది. వాటేసుకుంటూనే ఆవిడ కళ్లు సంచి మీద పడ్డాయని ఐసిల్డా ప్రమాణం చేసి చెబుతుంది. "లోపలేముందక్కా అంత బరువు?" అంది. "నా పాపాలు" అంది ఐసిల్డా.

ఇక భోజనాల హాలు. ఆ చివర నిలబడితే ఈ చివర కనపడదు. పళ్లాలు కొండలు, పళ్లరసాలు కాలువలు. టోపీ పెట్టుకుని గరిటె పట్టుకున్నవాడు ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ వాళ్ల ఊరి లాసెల్స్.

"అత్తా! నువ్విక్కడా! మేక కూర వెయ్యనా?"

ఐసిల్డా పళ్లెం వెనక్కి లాక్కుంది. పరాయివాళ్లు వండితే వాళ్ల సంగతి మనకు తెలీదు, సరే. లాసెల్స్ సంగతి ఆవిడకు పుట్టుకతో సహా తెలుసు. పదేళ్లొచ్చేదాకా వాడు ముక్కు తుడుచుకున్నది చొక్కా చేతికే. దీనికి తోడు కూరలోకి వంగి చూస్తే ఒక్క ఎముక లేదు.

"ఎముకలేవిరా?"

"టూరిస్టుల పళ్లకు అడ్డం పడతాయని తీసేస్తాం అత్తా."

"ఎముక తీసేశాక అది మేకని ఎవరు చెప్పాలి? నువ్వా, మేకా?"

పరువు కోసం పళ్లెం నింపుకుంది. ఒక్క ముద్ద ముట్టలేదు. తొక్క ఉన్న అరటిపండు, పెంకు ఉన్న గుడ్డు, మూత విప్పని నీళ్లసీసా, అంతవరకే నమ్మకం. అయితే ఎదురుగా కూర్చున్న చెల్లెల్ని ఓ కంట కనిపెడుతూనే ఉంది. గ్లెండోరా కూడా పళ్లెం నిండా పెట్టుకుని ఫోర్కుతో ఆ కొండ నుంచి ఈ కొండకు తోస్తోందే తప్ప నోట్లో పెట్టుకోవడం లేదు. ముక్కలన్నీ బల్ల కింద పిల్లులకు పోతున్నాయి. ఆ హోటల్ పిల్లులు దూడల్లా ఉన్నాయంటే ఎందుకుండవు!

"తినవేమే?" అంది ఐసిల్డా.

"తింటున్నాగా. నువ్వు తినవేమక్కా?"

"నేనూ తింటున్నాగా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఖాళీ ఫోర్కులు నోట్లో పెట్టుకుని నమిలారు.

పిలిచి పెట్టినావిడ తినకపోవడమేమిటి? ఈ కూట్లో ఏదో ఉందని దానికి తెలుసు. నిద్రమందేమో! తను ఒళ్లు తెలీకుండా పడుకుంటే కుండ ఎత్తుకుపోవచ్చని! ఇలా అనుకుని ఐసిల్డా ఆకలిని బిగబట్టింది. కొడుకూ కోడలూ ఈత కొలనులో మునిగి తేలుతుంటే, అక్కాచెల్లెళ్లు గొడుగు కింద పక్కపక్క కుర్చీల్లో, ఇద్దరి పొట్టలూ బ్యాండుమేళంలా మోగుతుండగా, గాలి ఎంత బావుందో చెప్పుకుంటూ రెండు రోజులు గడిపారు.

మూడో రోజు గ్లెండోరా మనవరాలు జొయెల్లా ఇసుక కాళ్లతో వచ్చి చెవిలో చెప్పింది. "పెద్ద నానమ్మా, మా నానమ్మ స్నానాల గదిలో గడియ వేసుకుని బిస్కెట్లు తింటుంది. కరకరమని వినిపిస్తుంది."

"అబ్బో! బిస్కెట్లా! ఇంకేం చేస్తుందే?"

"ఇందాక నీ గదిలోకెళ్లింది."

ఐసిల్డా ఎగిరి పడింది. ఆ పరుగు చూసి దారిలో ఉన్నవాళ్లు సునామీ వస్తోందనుకున్నారు. సంచి తెరిచింది. కుండ ఉంది. నైట్‌గౌను ముడి మాత్రం తను వేసింది కాదు. తను ఎడమకు వేస్తుంది, ఇది కుడికి ఉంది.

"దొరికింది దొంగ" అంది గోడతో.

ఇక దాచి లాభం లేదు. బీరువాలో పెడితే తీస్తుంది, మంచం కింద పెడితే లాగుతుంది. ఎవరూ ఎత్తుకుపోలేని చోటు కుండకు లోకంలో ఒక్కటే. మండే నిప్పు మీద. కాలే కుండను ఏ దొంగ పట్టుకుంటుంది?

పట్టపగలు కుండ నెత్తిన, సంచి చంకన పెట్టుకుని ఇసుకలోకి దిగింది. అక్కడ గడ్డి పందిరి కింద లాసెల్స్ బొగ్గుల మీద కోళ్లు కాలుస్తున్నాడు.

"ఆ కోళ్లను పక్కకు జరపరా."

"అత్తా, నీకు దణ్ణం పెడతాను, నా ఉద్యోగం పోతుంది!"

"మీ అమ్మకు పురుడు పోసింది నేను. నిన్ను ఈ చేత్తోనే బయటికి లాగాను. మళ్లీ లోపలికి తోసెయ్యమంటావా?"

కోళ్లు పక్కకు జరిగాయి.

తోటమాలి చేత కొబ్బరికాయలు కొట్టించింది, లాసెల్స్ చేత తురిమించింది. చేతులు రెండుసార్లు కడిగించి మరీ. పాలు పిండి కుండలో పోసింది. పాలు మరిగి మరిగి, విరిగి, నూనె తేలాక ఉల్లిపాయ, పచ్చి మసాలా ఆకులు, వేడినీళ్లలో కడిగి ఉప్పు దింపిన చేప వేసింది. మిరపకాయను చిట్లకుండా పైన తేలేసి మూత పెట్టింది. పెండలం బొగ్గుల్లో కాలుతోంది, అరటికాయలు ఉడుకుతున్నాయి. ఆ ఇగురు వాసన ఎదురుగాలిని తోసుకుంటూ క్యూబా దాకా పోయి ఉంటుంది. ఎండలో ఎర్రగా కాగిన టూరిస్టులు నిక్కర్లతోనే పళ్లాలు పట్టుకుని బారులు తీరారు. "ఇది మెనూలో లేదండీ" అని లాసెల్స్ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

ఆ వరసను చీల్చుకుంటూ గ్లెండోరా వచ్చింది. ఒక కాలికే చెప్పు ఉంది. కుండను చూసి నిలబడిపోయింది.

ఐసిల్డా గరిటె పైకెత్తింది. "ముట్టుకున్నావంటే చూడు! ముడి విప్పింది నువ్వేనా?"

"నేనే."

"ఎత్తుకుపోదామనేగా?"

"ఎత్తుకుపోయేదాన్ని అయితే మళ్లీ ముడి వేసి పెడతానా నీ మొహం! మూత తీసి వాసన చూశాను." గ్లెండోరా చెయ్యి చాపింది. "ముందు పెట్టవే అక్కా. చచ్చిపోతున్నాను."

ఐసిల్డా గరిటెడు పెట్టింది. గ్లెండోరా నిలబడే తింది, వేళ్లు కాలుతున్నా తింది. ముక్కు కారింది, కళ్లు కారాయి. మిరపకాయేలే అనుకోవచ్చు. ఆ మిరపకాయ చిట్లనే లేదు.

"అమ్మ పోయాక ఎవరు వండినా నాకు గొంతు దిగదే. పరాయి కూడు తినొద్దని నాకూ నేర్పిందిగా. కోడలు పాపం బాగానే వండుతుంది. బిస్కెట్లతో ఈడుస్తున్నాను. ఇంటికొస్తానంటే నువ్వు గడియ వేస్తావు. మా ఇంటికి రమ్మంటే రావు. అందుకే ఇక్కడికి పిలిచాను. ఇక్కడ నువ్వు మెతుకు ముట్టవని తెలుసు, కుండ లేకుండా రావని తెలుసు, ఆకలేస్తే వండుతావని తెలుసు. మూడు రోజులు పడుతుందని మాత్రం తెలీదు. నువ్వు మొండిదానివే, నా పేగులు ఎండిపోయాయి."

ఐసిల్డా మొహం ఒక్కసారిగా వెలిగింది. చెల్లెలి కన్నీళ్లకని మీరనుకుంటే పొరపాటే. "చూశావురా లాసెల్స్! ఊరికే పిలవలేదని నేను మొదటిరోజే అనుకోలేదూ!" జన్మంతా పడ్డ అనుమానాల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి నిజమైంది. ఆ సంతోషంలో చెల్లెలికి రెండో గరిటె, మూడో గరిటె వడ్డించింది. కుండ అడుగున కరకరలాడే మాడు కూడా గీకి పెట్టింది. అది ఆవిడ ఎవరికీ పెట్టదు. వెస్టన్‌కు కూడా పెట్టలేదు.

వెళ్లేరోజు పట్టీలు కత్తిరించాక గ్లెండోరా నెమ్మదిగా అంది. "కుండ ఇద్దరిదని అమ్మ అంది."

"అంది." ఐసిల్డా నైట్‌గౌను మూట విప్పి, మూత తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "ఇదిగో నీ వాటా."

"ఉత్తి మూతతో నేనేం వండనే?"

"ఏం వండలేవు. మూత లేందే నా ఇగురూ సరిగా ఉడకదు. తినాలంటే మూత పట్టుకుని నువ్వే రావాలి. గడియ తీస్తాలే."

గ్లెండోరా మూతను గుండెలకు హత్తుకుని కారెక్కింది. అదే మూత తిరిగొస్తుందో, కింగ్‌స్టన్ సంతలో కొన్న మూత వస్తుందో ఎవరికి తెలుసు? అందుకే ఐసిల్డా ముందే లోపలివైపు మేకుతో చిన్న గీత గీసి పెట్టింది.

ఈస్టరుకు ముందు ఫోన్ మోగింది. "అక్కా, రేపు శుక్రవారం వస్తున్నాను."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికేనట!" అని ఐసిల్డా ఫోన్ పెట్టేసి, ఇద్దరికి సరిపడా ఉప్పు చేప నీళ్లలో వేసింది. తర్వాత కుండను మంచం కింద బాగా లోపలికి తోసింది.