మొగలి పొదలో దీపం

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. పూజకు కూర్చుంటే స్వామి కంటే ముందు అదే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఆయనకు తెలుసు, సరే. మనిషికి ఒక్కరికైనా చెప్పాలి కదా. మీరెవరో నేనెరగను. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా ఊరు దివిసీమలో, సముద్రం ఒడ్డున. ఊరికీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక దిబ్బ, దాని నిండా మొగలి పొదలు. వాటి వేళ్లే ఆ ఇసుకను పట్టి ఉంచేవి. దిబ్బ వెనక బండ్ల బాట. బాట పక్కనే సుబ్బయ్య బాబాయి చేను. వరసకే బాబాయి. కానీ నా బిడ్డ జ్వరంతో మాడిపోతుంటే వానలో పడవ కట్టించి బందరు వైద్యుడి దగ్గరికి చేర్చింది ఆయనే. ఆ రుణం తీరేది కాదు.

యుద్ధం రోజులవి. జపాను ఓడలు వస్తాయని, సముద్రం వైపు వెలుగు కనిపించకూడదని దండోరా వేయించారు. వేయించింది మా వారే, ఊరి మునసబు. ఒకనాడు అరుగు మీద బాబాయిని ఆటపట్టించారు.

"చుట్ట ఆర్పు మామా! జపానువాడు నీ మూతికే గురి పెడతాడు."

"అడ్డపొగ వేస్తాలేవయ్యా మునసబూ, నిప్పు నోట్లోనే దాచుకుంటా," అని మండే కొస నోట్లో పెట్టుకుని కళ్లతోనే నవ్వాడు.

బిడ్డ బతికితే కార్తీకమంతా దీపం పెడతానని మొక్కుకున్నాను. ఇంటి ముందు పెడితే మా వారికి తలవంపులు. మానేస్తే మొక్కు తప్పినట్టు. నాగులచవితికి పాలు పోసే పుట్ట ఆ మొగలి పొదల నడుమ ఉంది. అక్కడైతే సముద్రానికి కనిపించదనుకున్నాను. చుట్టూ ఉన్న ఎండాకులు నా కంట పడలేదా? పడ్డాయి. స్వామి చూసుకుంటాడనుకున్నాను. ప్రమిద వెలిగించి, దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. ఇల్లు చేరేసరికి దిబ్బ మండుతోంది.

తెల్లారి ఊరంతా ఒకటే మాట, బాబాయి చుట్ట. ముందు రోజు సాయంత్రం ఆయన చుట్టతో ఆ దారినే వచ్చాడు. పాపం, ఆయనా నమ్మేశాడు. మళ్లీ చుట్ట ముట్టలేదు.

పొదలు లేని దిబ్బ ఎండాకాలం గాలికి అరిగిపోయింది. మరుసటి ఏడు గాలివానకు సముద్రం దాన్ని తెంచుకుని లోపలికొచ్చింది. బాట పోయింది. బాబాయి చేను సగం కెరటాల్లో కలిసింది, మిగతాది ఉప్పుబారింది. ప్రాణాలు దక్కాయి, స్వామి దయ. ఆ దయకు ఏ మొహంతో దణ్ణం పెట్టను?

ఉయ్యూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ బాబాయి మా గుమ్మం ముందు ఆగాడు.

"అమ్మాయీ, నా చుట్టే ఊరిని ముంచింది."

చెప్పాల్సింది అప్పుడే. చెప్పానా?

"దైవ సంకల్పం బాబాయ్, నువ్వేం చేస్తావ్," అన్నాను. నా తప్పు దేవుడి మీదికి నెట్టాను.

"పూజలు చేసే తల్లివి. నీ దీపం దగ్గర నా మాట కూడా చెప్పమ్మా. నన్ను క్షమించమను."

"అలాగే బాబాయ్."

ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను. ఏటా కార్తీకంలో, 'సుబ్బయ్య బాబాయిని క్షమించు స్వామీ' అంటూనే ఉన్నాను. ఆయన చెయ్యని తప్పుకు, చేసినదాన్ని నేను.

ఇప్పుడు మేము బెజవాడలో ఉంటున్నాం. ఈ మధ్య ఆయన కూతురు కృష్ణ స్నానానికి వచ్చి మా ఇంట దిగింది. నాన్న పోయాడక్కా, అంది. ఆఖరి రోజుల్లో ముచ్చట పడతాడని చుట్ట అందించబోతే తల తిప్పేసుకున్నాడట. ఆ పిల్లకు అన్నం వడ్డిస్తూ కూడా నేను నోరు విప్పలేదు. కొసరి కొసరి పెరుగు వేశాను, అంతే.

తనకు చెప్పాలి. ధైర్యం వస్తుందో రాదో. ముందు మీకు చెప్పాను.

ఆ దీపం నాది. ఇన్నేళ్లూ నిప్పు నోట్లో దాచుకున్నదాన్ని నేను.