కోల్డ్ స్టోరేజీ తలుపు మీద కడియం చప్పుడు

దయ్యాలంటే నాకు నవ్వే తప్ప భయం ఎన్నడూ లేదు. ఏడో తరగతిలో నేను బడి మానేస్తే, పీడ వదిలిందని మా పంతులు కొబ్బరికాయ కొట్టాడని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ లెక్కన మా బడికి దయ్యాన్ని నేనే. అలాంటివాణ్ని ఈ సంగతి రాస్తున్నాను, సగమైనా నమ్మండి.

తొంభైలలో మేడ్చల్ చుట్టూ ద్రాక్షతోటలే. గౌడవెల్లి దారిలోని ఒక కోల్డ్ స్టోరేజీలో నేను పెట్టెలు మోసేవాణ్ని. మా చెల్లె భాగ్య గుత్తులు ఏరేది. అక్కడి పాత చెక్క తలుపు సరిగ్గా మూసుకునేది కాదు. కింది సందులోంచి చల్లగాలి వరండాలోకి పాకేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ సందుకేసి కాళ్లు చాపుకుని సద్దిమూటలు విప్పేవాళ్లం. సేటు ఇంట్లో కూడా లేని ఏసీ మాకుండేది.

తలుపు బాధ్యత యాదగిరి మామది. మూసే ముందు చేతి వెండి కడియంతో తలుపు మీద మూడుసార్లు కొట్టి, "లోపల ఎవరన్న ఉన్నరా?" అని అడిగేవాడు. జవాబు రాదని తేల్చుకున్నాకే గడియ పెట్టేవాడు. నేను లోపలినుంచి, ద్రాక్షపండ్లు ఉన్నాయని అరిచేవాణ్ని.

"అయితె నువ్వు గూడ గాడనే ఉండు బిడ్డా, పులుపు సరిపోతది," అనేవాడు.

మామ జబ్బుచేసి పోయాడు. ఆ మరుసటి ఏడు, కరెంటు ఆదా కావాలంటే చలి బయటికి పోకూడదని ఇంజనీరు చెప్పాడు. గోడలకు మందంగా థర్మోకోల్ వేశారు. చుట్టూ రబ్బరు పట్టీతో, మధ్యలో థర్మోకోల్ నింపిన ఇనుప తలుపు పెట్టారు, స్ప్రింగుతో దానంతటదే మూసుకునేది. చలి మిషన్ ఆగి ఆగి నడిచి కరెంటు బిల్లు తగ్గింది, సేటు మురిసిపోయాడు. మా వరండా మాత్రం పొయ్యి అయింది. మూసేవాడితో పనిలేదు కాబట్టి పిలిచేవాడూ లేడు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటున్నాం. భాగ్య లేదు, ఇంటికి పోయిందనుకున్నాం. ఉన్నట్టుండి అరికాళ్లకు చల్లగాలి తగిలింది, అచ్చం పాత రోజుల్లోలాగే. ఆ వెంటనే తలుపు మీద కడియం మూడుసార్లు మోగింది.

మామలాగా తలుపు కొట్టి నవ్వించడం నాకు అలవాటు. అందుకే అందరూ నావైపే చూశారు.

"పోయినోళ్లతోని గూడ పరాచికాలేందిరా?" అని మాతో గుత్తులు ఏరే ఎల్లమ్మ అవ్వ కసిరింది.

నా చేయి అన్నంలో ఉంది. తలుపు దగ్గర ఎవరూ లేరు.

పరుగెత్తి తలుపు లాగాను. లోపల ఆ చివర, పెట్టెల వెనక, భాగ్య ముడుచుకుని పడి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. వరండాలో ఉక్క భరించలేక కాసేపు చల్లబడదామని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది, లోపలి గడియ బిగుసుకుపోయింది.

ఎండలో కూర్చోబెట్టి వేడి టీ తాగించాక నోరు విప్పింది.

"తలుపు కొట్టి కొట్టి చాతగాక, గాలి తగలకుండ పెట్టెల ఎనక పండుకున్న అన్నా. మామ పిలిస్తె, ఉన్న అని చెప్పిన. నీకు ఇనవడలేదా?"

మర్నాడు ఇంజనీరు నన్ను లోపల పెట్టి తలుపు మూయించాడు. ఇనుపరాడ్‌తో బాదాను, గొంతు పోయేలా అరిచాను. బయట ఎవరికీ ఏమీ వినబడలేదట. రబ్బరు పట్టీ సందులో కాగితం ముక్క కూడా దూరలేదు. మరి మామ పిలుపు లోపలికి ఎలా పోయింది? ఆ చల్లగాలి ఎక్కణ్నుంచి వచ్చింది? నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తోటలన్నీ ప్లాట్లయిపోయాయి. నేను ఇంట్లో ఫ్రిజ్ తలుపు మూసేటప్పుడు కూడా మూడుసార్లు కొట్టి, లోపల ఎవరన్న ఉన్నరా అని అడుగుతాను. ఇంటిల్లిపాదీ నవ్వుతారు.

భాగ్య మాత్రం నవ్వదు.